మధ్య కుర్చీ

2007 జనవరి 9

కొత్త డైరీ. మణుగూరులో ఎవరో మా అబ్బాకి ఇచ్చారు. అబ్బాకి రాసే అలవాటు లేదు. నాకు మాట్లాడే అలవాటు లేదు. డైరీ నాకు వచ్చింది.

ఈ ఏడు చేయవలసినవి: బి.ఎడ్. ఎంట్రెన్స్‌కి చదవడం. ఖమ్మం లైబ్రరీ పుస్తకం తిరిగి ఇచ్చేయడం. పంచాయతీ జోలికి వెళ్ళకపోవడం.

మూడోది కష్టం. నేను ఐదో వార్డు మెంబర్‌ని.

జనవరి 10

నిన్న రాసింది చదువుకుంటే నేనేదో పోటీ చేసి గెలిచినట్టుంది. అలా కాదు. ఐదో వార్డు ఆడవాళ్ళకి వచ్చింది. పైరేవు వాళ్ళు పెట్టిన మనిషిని కిందిరేవు వాళ్ళు వద్దన్నారు. కిందిరేవు వాళ్ళు పెట్టిన మనిషిని పైరేవు వాళ్ళు వద్దన్నారు. చివరికి పైరేవు నాగరాజు గారు మా టెంట్ హౌస్ ముందు నిలబడి, "షుకూర్ భాయ్ బిడ్డ ఉన్నది గదా. ఎవ్వలి దిక్కు మాట్లాడది" అన్నారు. కిందిరేవు బాలకృష్ణ గారు కాసేపు ఆలోచించి, "ఎవరి వైపనేముంది, అసలు మాట్లాడదు" అన్నారు. ఏకగ్రీవం.

వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి అని అమ్మీ అంటుంది. గర్వంగానో కోపంగానో తెలియదు.

పార్టీల పేర్లు ఇక్కడ రాయను. ఇద్దరూ చెరోసారి మారారు, రాస్తే నాకే తికమక. నాగరాజు గారి పొలం వాగుకు ఎగువన పైరేవు దగ్గర. బాలకృష్ణ గారి పత్తి మిల్లు దిగువన కిందిరేవు దగ్గర. ఊరంతా వాళ్ళని రేవుల పేర్లతోనే పిలుస్తుంది. అది మారదు.

రాజకీయాలంటే నాకు ఆసక్తి లేదు. మొన్నటి అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు కూడా వేయలేదు. లైను పొడవుగా ఉంది.

జనవరి 18

మీటింగ్. వాగు మీద చప్టా శాంక్షన్ అయిందట. గూడెం నుంచి ఇవతలికి నీళ్ళలో దిగకుండా నడిచి రావచ్చు. ఎక్కడ కట్టాలో పంచాయతీలో అందరూ ఒకే మాట చెప్పి సంతకాలు పెట్టాలి.

ఇంజనీరు గారు చేతి గడియారం చూసుకుంటూ చెప్పారు. "ఒక్క మెంబరు వద్దన్నా 'వివాదం' అని రాసి పంపుతా. మార్చి దాటితే డబ్బులు ఇంకో ఊరికి పోతాయి. నాకు బోనకల్ ట్రాన్స్‌ఫర్ అడిగి ఉన్నా. ఎక్కడ కట్టినా నాకొకటే."

మీటింగ్‌లో ఒక మనిషితో ఏకీభవించడం నాకదే మొదటిసారి. నాకూ ఒకటే.

వాళ్ళు అరుచుకున్నంతసేపూ నేను వెనక వరుసలో ఉన్నాను. కుర్చీలు మావే. ప్రతి కుర్చీ వీపు మీద 'షుకూర్ టెంట్ హౌస్' అని ఉంటుంది. ముందువాళ్ళ వీపుల వెనక అబ్బా పేరు చదువుతూ కూర్చున్నాను.

భీమక్క సర్పంచి. ఆవిడది వాగు అవతల గూడెం. ఆఖర్న అంది:

"యాడనన్న కట్టుండ్రి. వానలకు ముందు కట్టుండ్రి. మా ముత్తక్కకు మల్ల నెల తప్పింది."



"అందుకే పైరేవు కావాల్నంటున్న" అన్నారు నాగరాజు గారు.

"అందుకే కిందిరేవు అంటున్నా" అన్నారు బాలకృష్ణ గారు.

జనవరి 19

ముత్తక్క భీమక్క కోడలు. మొదటి కాన్పు రెండేళ్ళ కిందట, శ్రావణంలో. దవాఖానాకి తెద్దామని మంచం మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. పైరేవు దగ్గర నీళ్ళు ఎక్కువని కిందిరేవుకు, అక్కడ ఇంకా ఎక్కువని మళ్ళీ పైరేవుకు. దాటేసరికి ఆలస్యమైంది. కాన్పు ఇవతలి ఒడ్డునే అయింది. వాన. అబ్బా షామియానా పట్టా తీసుకెళ్ళి ఆమె మీద కట్టారు. బిడ్డ దక్కలేదు.

ఆ పట్టా ఉతికి గోదాంలో పెట్టారు. దాన్ని ఎవరికీ కిరాయికి ఇవ్వరు. ఎంత పెద్ద పెళ్ళి ఉన్నా సరే.

బి.ఎడ్. పుస్తకంలో రెండు పాఠాలు చదివాను.

ఫిబ్రవరి 6

రాయకూడదనుకున్నాను. రాస్తున్నాను.

మళ్ళీ చప్టా మీటింగ్. సెక్రటరీ సీతయ్య గారు, "మాటలతో తేలదు గని, పైరేవుకు ఒప్పుకునేటోళ్ళు చేతులెత్తుండ్రి" అన్నారు.

నాకు ఒక సందేహం వచ్చింది. పైరేవులో అడుగున బండ ఉందంటారు కదా, దాని మీద కడితే పని తొందరగా అవుతుందా అని. కాన్వెంట్లో ఏదైనా అడగాలంటే ముందు చెయ్యెత్తాలి. సిస్టర్ పేరు పిలిచాక లేచి నిలబడి అడగాలి. ఒకటో క్లాసు నుంచి అదే. చెయ్యెత్తాను.

సీతయ్య గారు నా పేరు పిలవలేదు. రాసుకున్నారు.

అప్పుడు అర్థమైంది.

"కిందిరేవుకు?" అన్నారు.

పొరపాటు జరిగిందని చెప్పాలి. చెప్పడానికి చెయ్యెత్తాను.

సీతయ్య గారు పెన్ను ఆపి కళ్ళజోడు తీశారు. అందరూ వెనక్కి తిరిగారు. నాగరాజు గారు, "ఏంది బిడ్డా, రెండింటికీ ఎత్తినవ్?" అన్నారు. నా చెయ్యి ఇంకా పైనే ఉంది. పేరు పిలవలేదు కాబట్టి దించాలో వద్దో తెలియలేదు.

బాలకృష్ణ గారు నా వంక చాలాసేపు చూసి, "చదువుకున్న పిల్ల. ఊరికే ఎత్తదు. ఏదో ఆలోచన ఉండే ఉంటది" అన్నారు.

ఏ ఆలోచనా లేదు.

ఫిబ్రవరి 7

జ్వరం అని చెప్పాను. జ్వరం లేదు.

ఫిబ్రవరి 9

ఇవాళ అబ్బా నన్ను ముంచారు.

హోటల్ దగ్గర చాయ్ తాగుతుంటే ఎవరో, "ఏంది భాయ్, మీ బిడ్డ పైరేవా కిందిరేవా?" అని అడిగారట. అబ్బా మర్యాదగా, "మా పిల్లది ఏముంది సాబ్, అందరూ ఏదంటే అదే. రాజీ" అన్నారట.

మా ఇంట్లో రాజీ అంటే ఇష్టమే, సమ్మతమే అని. నిఖాలో పెళ్ళికూతుర్ని ఖాజీ అడిగే మాట. హోటల్లో రాజీ అంటే వేరే. సాయంత్రానికి ఊరంతా పాకింది. షుకూర్ భాయ్ కూతురు రెండు రేవులకూ రాజీ కుదురుస్తోందట. అందుకే రెండు చేతులెత్తిందట.

ఒక చెయ్యే. రెండుసార్లు.

అమ్మీ అబ్బాని ఉర్దూలో తిట్టింది. తెలుగులో రాస్తే పదును పోతుంది. అబ్బా, "నేను తప్పేం అన్నాను, పిల్ల రాజీయే కదా" అంటూనే ఉన్నారు.

ఫిబ్రవరి 12

నాగరాజు గారు మేనల్లుడి చెవులు కుట్టించడానికి పందిరి మాట్లాడాలని వచ్చారు. అబ్బా ఇంట్లో లేరు. ఆ సంగతి ఆయనకి తెలుసు, మా అబ్బాని రోడ్డు మీద చూసే వచ్చారు. బల్ల మీద కూర్చుని గొంతు తగ్గించారు.

"చూడు బిడ్డా. నీకు జెప్తున్న, ఇంకెవ్వలకు జెప్పకు. యాడ కట్టినా నాకేం బాధ లేదు. కిందిరేవుల కట్టుకోనీ. నా బండ్లు గా దిక్కు పోవా ఏంది? గని ఊళ్ళె నాగరాజు ఓడిండు అనొద్దు. గంతే."

నేను "అవ్" అన్నాను.

"అవ్ అన్నవ్ గద. నాకు గదే చాలు."

చాయ్ తాగి వెళ్ళారు. పందిరి మాట మర్చిపోయారు.

ఫిబ్రవరి 13

బాలకృష్ణ గారు. కుర్చీలు కావాలట. ఆయన తాతల నాడే పెనుబల్లి వైపు నుంచి వచ్చారు, మాట ఇప్పటికీ అటువైపుదే.

"అమ్మాయ్, మనలో మాట. పైరేవైతే మాత్రం నాకొచ్చిన నష్టమేంటి? ట్రాక్టరు కాస్త చుట్టు తిరుగుద్ది. తిరగనీ. కానీ వాళ్ళ మాట నెగ్గి మన మాట పోయిందనుకో, రేపు మిల్లులో కూలోళ్ళు నాకు దణ్ణం పెట్టడం మానేస్తారు."

"అవ్" అన్నాను.

"మీ నాన్న అన్నాడులే, పిల్ల గట్టిదని."

రెండు రోజుల్లో రెండు మాటలు మాట్లాడాను. రెండూ ఒకటే.

ఫిబ్రవరి 14

ఇద్దరికీ అవతలివాళ్ళ రేవు ఫర్వాలేదు. సొంత రేవు కోసం కొట్లాడుతున్నవాళ్ళు ఎవరూ లేరు. ఈ సంగతి ఊళ్ళో నా ఒక్కదానికే తెలుసు.

నాకు సంబంధం లేదు. నేను తటస్థం.

ఫిబ్రవరి 15

నాకు సంబంధం లేదు.

ఫిబ్రవరి 17

సంత. ముత్తక్క చింతపండు గంపతో వచ్చి మా అరుగు మీద నీడకు కూర్చుంది. మంచినీళ్ళు ఇచ్చాను. ఇంకా పెద్దగా తెలియడం లేదు కానీ లేచేటప్పుడు నడుం పట్టుకుంటోంది. గోదాం తలుపు తీసి ఉంది. లోపలికి చూసింది.

"గా పట్టా ఉన్నదా ఇంక?"

ఉందన్నాను.

"ఉంచుండ్రి" అంది. "మల్ల పనికొస్తదేమో."

నవ్వింది. నీళ్ళు బాగున్నాయంది. గంప ఎత్తుకుని వెళ్ళింది.

ఫిబ్రవరి 18

చదువు సాగలేదు.

అబ్బా రేపు జరిగే ఏదో సభకి సామాను సర్దుతున్నారు. నేను సాయం చేశాను. స్టేజి మీదకు ఆరు మంచి కుర్చీలు వేరుగా పెట్టారు. ఏడుగురు పెద్దవాళ్ళు వస్తున్నారని కబురు వచ్చింది కదా అన్నాను. అబ్బా నవ్వారు.

"రెండు పార్టీల వాళ్ళు ఎక్కే స్టేజి అయితే నేనెప్పుడూ సరి కుర్చీలే వేస్తాను బేటా. నాలుగు, లేకపోతే ఆరు. బేసి వేస్తే మధ్య కుర్చీ ఒకటి పుడుతుంది. దాని కోసం మనుషులు చస్తారు. లేని కుర్చీ కోసం ఎవరు కొట్లాడతారు?"

"మరి ఏడో మనిషి?"

"ఆయన మైకు దగ్గర నిలబడతాడు. అది ఇంకా గొప్ప అనుకుంటాడు."

ఎవరూ కనిపెట్టలేదా అని అడిగాను.

"కూర్చున్నవాడికి ఎప్పుడూ తనే మధ్యలో ఉన్నట్టు ఉంటుంది."

ఫిబ్రవరి 20

ఒక వాక్యం తయారు చేసుకున్నాను. దారి పొడవునా అనుకుంటూ బాలకృష్ణ గారి మిల్లుకు వెళ్ళాను. పత్తి దుమ్ములో ఆయన కుర్చీలో ఉన్నారు. వాక్యం సగమే వచ్చింది.

"పైరేవు మీరే అడగండి అంకుల్."

"నేనా? నేనెందుకు అడుగుతానమ్మాయ్, నాకేం పిచ్చా?"

"మీరు అడిగితే... నెగ్గేది మీ మాటే కదా."

ఆయన పెన్ను కింద పెట్టారు. 

"నాగరాజు ఒప్పుకుంటాడా?"

"వాళ్ళ రేవే కదా అంకుల్."

ఆయన ముందు నా వంక, తర్వాత పత్తి వంక చూసి పెద్దగా నవ్వారు. "వాడు కాదనలేడు. అవుననాలంటే వాడికి ఏడుపొస్తది. ఓరి దేవుడా."

ఇంటికొచ్చాక చూస్తే ఆయన పెన్ను నా చేతిలో ఉంది.

ఫిబ్రవరి 26

మీటింగ్. బాలకృష్ణ గారు లేచి గొంతు సవరించుకుని, ప్రజల కష్టాలు చూడలేక చప్టా పైరేవులోనే కట్టాలని తాను ప్రతిపాదిస్తున్నానన్నారు.

నాగరాజు గారు అలవాటు కొద్దీ లేచారు. "నేను పూర్తిగ వ్యతిరేకి..." అని ఆగారు. చుట్టూ చూశారు. వెనక వరుసలో నన్ను చూశారు. నేను అబ్బా పేరు చదువుకుంటున్నాను.

"...స్తలేను" అన్నారు. "బలపరుస్తున్న."

చేతులెత్తమన్నారు. ఎత్తాను. ఈసారి చెయ్యికి అర్థం ఉంది. అందరూ సంతకాలు పెట్టారు. భీమక్క తన పేరు నెమ్మదిగా, ఒక్కో అక్షరం దించి రాసింది.

బయట మెట్ల దగ్గర నాగరాజు గారు మనుషులతో, "చప్టా యాడ వచ్చింది? మన రేవుల" అంటున్నారు. రోడ్డు మీద బాలకృష్ణ గారు మనుషులతో, "ఎవరి మాట నెగ్గింది? మనదే" అంటున్నారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

ఇక నా పని అయిపోయింది. పుస్తకం తీశాను.

మార్చి 12

పని మొదలుపెట్టాలంటే శంకుస్థాపన కావాలట. నాగరాజు గారు ఖమ్మం నుంచి ఒక పెద్దమనిషిని తెస్తారట. బాలకృష్ణ గారు కొత్తగూడెం నుంచి ఇంకో పెద్దమనిషిని తెస్తారట. ఇద్దరూ ఒకే రోజు రావాలి. రాయి చెక్కించారు, తేదీ చోటు ఖాళీగా వదిలారు.

మార్చి 27

నవమి. అబ్బా పందిళ్ళ పనికి భద్రాచలం వెళ్ళారు. రాములవారి పెళ్ళికి ఎవరు రాగలిగినా రాలేకపోయినా తేదీ మారదు, అదీ పెద్దరికమంటే అంది అమ్మీ.

ఏప్రిల్ 8

ఖమ్మం ఆయనకు కుదిరింది. కొత్తగూడెం ఆయనకు కుదరలేదు.

ఏప్రిల్ 15

తారుమారు.

ఏప్రిల్ 21

సంతలో ముత్తక్క. ఈసారి గంప తేలేదు. పట్టా గురించి అడగలేదు.

ఏప్రిల్ 24

మీటింగ్‌కి నాగరాజు గారూ బాలకృష్ణ గారూ ఒకే జీపులో దిగారు. అప్పుడే నాకు భయమేసింది.

లోపలికి వచ్చి పక్కపక్కన కూర్చున్నారు. బాలకృష్ణ గారు చెప్పారు. తామిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారట. ఎండాకాలంలో పెద్దవాళ్ళను పిలిస్తే బాగుండదు, తర్వాత ఎలాగూ వానలు. దసరా దాటాక ఇద్దరు పెద్దమనుషుల్నీ పిలిచి ఘనంగా శంకుస్థాపన చేసి పని మొదలుపెడదాం. డబ్బులు ఎక్కడికీ పోవు, తీర్మానం వెళ్ళిపోయింది.

"గొడవ లేదు, ఏం లేదు. రాజీతోని పోదాం. ఫరహమ్మ నేర్పిందే గదా" అన్నారు నాగరాజు గారు. అందరూ నవ్వి నా వైపు తిరిగారు, చప్పట్లు కొట్టడానికి ముందు తిరిగినట్టు.

సీతయ్య గారు, "ఒప్పుకునేటోళ్ళు చేతులెత్తుండ్రి" అన్నారు.

లేచాయి. ముందు వరుస, దాని వెనక వరుస. ఇంత తొందరగా లేవడం ఎప్పుడూ చూడలేదు. భీమక్క చెయ్యి భుజం దాకా వచ్చింది, కొంగు సర్దుకుంది, అక్కడే ఆగింది. నేల వంక చూస్తోంది. ఊరంతా ఒకటైనప్పుడు వాగు అవతలి మనిషి ఏమంటుంది.

నేను నా కుడి చెయ్యి మీద కూర్చున్నాను. నిజంగానే. తొడ కింద పెట్టుకుని.

"నేను రాజీ కాదు."

ఆ గొంతు ఎవరిదో తెలియక సీతయ్య గారు గుమ్మం వైపు చూశారు.

"ఎవలది?"

"నాదే" అన్నాను. ఎవరూ పేరు పిలవలేదు. చెయ్యెత్తలేదు. లేచి నిలబడ్డాను కూడా, అది మాత్రం అలవాటు.

"ఏంది బిడ్డా, మొన్న నువ్వే రాజీ జేసినవ్, ఇయ్యాల నువ్వే కాదంటవా?" అన్నారు నాగరాజు గారు.

"అప్పుడు మీరిద్దరూ తగ్గారు అంకుల్. ఇప్పుడు ముత్తక్కని తగ్గమంటున్నారు."

 ముందు కుర్చీ వీపు పట్టుకున్నాను.

"కాన్పు జూలైలో. దసరా దాకా ఆగదు. పని ముందు చేద్దాం. రాయి తర్వాత వేద్దాం."

"రాయి తర్వాతా?" బాలకృష్ణ గారు నుదురు కొట్టుకున్నారు. "కట్టేశాక శంకుస్థాపన ఏంటమ్మాయ్? పెళ్ళయి పిల్లలు పుట్టాక నిశ్చితార్థం చేసుకున్నట్టు!"

గదంతా నవ్వింది. నేను కూర్చోబోయాను.

భీమక్క తలెత్తింది. "ఏం, చేసుకోరా? మా పెద్దోడు పుట్టినంకనే నాకు లగ్గమైంది. మా దిక్కు పైసలున్ననాడు లగ్గం, పిల్ల ఉన్ననాడు కాపురం. వాడే పందిట్ల నా కొంగు పట్టుకొని తిరిగిండు. ఏం తక్కువైంది మాకు? సర్పంచిని గాలేదా?"

ఈసారి నవ్వు వేరుగా వచ్చింది. ముందు వరుసలోని ఆడవాళ్ళు మొదలుపెట్టారు. నాగరాజు గారు మీసం కింద ఆపుకోలేకపోయారు.

"అక్కా, నువ్వు మామూలుదానివి గాదు. గని శంకుస్థాపన లేకుండ పని జేస్తే రూల్ ఒప్పుకుంటదా?"

సీతయ్య గారు కాగితాలు తిరగేశారు. "రూల్ల రాయి ముచ్చటే లేదు సార్. రాయి మనం పెట్టుకున్నదే."

"రాయి మీద తేదీ?" అన్నారు బాలకృష్ణ గారు.

"దసరా తర్వాతి తేదీయే చెక్కించండి" అన్నాను. "ఇద్దరు పెద్దవాళ్ళ పేర్లూ ఉంటాయి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరు ముందు ఒప్పుకుంటే వాళ్ళు తగ్గినట్టు. చాలాసేపు చూసుకున్నారు. భీమక్క, "ఇద్దరూ ఒక్కపాలి ఎత్తుండ్రి" అంది. ఎత్తారు.

 ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

మే 6

బీడీల తునికాకు సీజను. కూలీలు దొరకరన్నారు. గూడెం వాళ్ళు పొద్దున అడవిలో ఆకు కోసి మధ్యాహ్నం వాగు దగ్గర పని చేస్తున్నారు. పైరేవు నుంచి కంకర, కిందిరేవు నుంచి ట్రాక్టరు. ఒకరు ఆలస్యం చేస్తే రెండోవాళ్ళు కబురు పెడుతున్నారు. కోపంగానే పెడుతున్నారు. పని మాత్రం అవుతోంది.

మే 19

గదిలో ఎండ. చదివాను. మధ్యలో చప్టా చూసి వచ్చాను. ఊరికే, నడక కోసం.

మే 20

నడక.

జూన్ 13

అయింది. పెద్ద వాన పడితే నీళ్ళు మీద నుంచి పోతాయి, చప్టా అంటే అంతే. అంచున గుర్తు రాళ్ళు నాటారు. ఒక వైపు రాళ్ళకు పైరేవు వాళ్ళు వాళ్ళ రంగు వేశారు. రెండో వైపు కిందిరేవు వాళ్ళు వాళ్ళ రంగు. చూడటానికి అస్సలు బాగాలేదు. నీళ్ళు వచ్చినప్పుడు మధ్యలో నడవాలని మాత్రం తెలుస్తుంది.

జూలై 7

నిన్న పొద్దున్నుంచీ వాన. గూడెం నుంచి కబురు వచ్చింది.

బాలకృష్ణ గారి ట్రాలీ మణుగూరులో ఉంది. నాగరాజు గారి ట్రాక్టరు రిపేరులో ఉంది. ఇంజను కిందిరేవుది, ట్రాలీ పైరేవుది తగిలించారు. కొక్కెం సరిగ్గా పట్టలేదని రెండు వైపుల వాళ్ళూ ఒకరినొకరు తిట్టుకుంటూ తాడుతో కట్టారు. అబ్బా గోదాంలోకి వెళ్ళి ఆ పట్టా తీసుకుని వాళ్ళతో ఎక్కారు.

నేను ఒడ్డున నిలబడ్డాను. చప్టా మీద నీళ్ళు చీలమండ దాటి ఉన్నాయి. అటు రంగు రాళ్ళు, ఇటు రంగు రాళ్ళు. వాటి మధ్య నుంచి ట్రాక్టరు నెమ్మదిగా వచ్చింది. ట్రాలీ మీద పట్టా నాలుగు మూలలా కట్టి ఉంది. ఒక మూల అబ్బా పట్టుకుని నిలబడ్డారు, పూర్తిగా తడిసిపోయి. ముత్తక్క మీద వాన పడలేదు.

వాళ్ళు ఆగలేదు. పినపాక దవాఖానా వైపు తిరిగారు.

ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు.

జూలై 8

నాగరాజు గారు: "నా ట్రాలీల పుట్టినట్టే లెక్క."

బాలకృష్ణ గారు: "ఇంజను లేకుండా ట్రాలీ ఏం చేస్తదయ్యా?"

మళ్ళీ మొదలైంది. హోటల్ దగ్గర విన్నానని అబ్బా చెబుతుంటే నవ్వు వచ్చింది. ఆ గొడవ చాలా బాగుంది, ఎన్నాళ్ళైనా జరగొచ్చు.

ఆగస్టు 21

ఇవాళ ఒక పెళ్ళికి ఆ పట్టా కిరాయికి వెళ్ళింది. అబ్బా తన చేత్తోనే బండి మీద వేశారు. అమ్మీ చూసింది. నేనూ చూశాను.

సెప్టెంబర్ 10

బి.ఎడ్. సీటు వచ్చింది. ఖమ్మంలో. మీటింగు రోజు పొద్దున ఇక్కడికి వచ్చే బస్సు ఉందేమో కనుక్కోమని అబ్బాకి చెప్పాను. బట్టలు తెచ్చుకోవడానికి.

అక్టోబర్ 28

శంకుస్థాపన.

ఇద్దరు పెద్దమనుషులూ వచ్చారు. చప్టా మీద నుంచే కారులో దాటి అవతల గూడెంలో చాయ్ తాగి మళ్ళీ చప్టా మీద నుంచే వచ్చి, ఇక్కడ చప్టా కట్టబోతున్నందుకు సంతోషంగా ఉందన్నారు. ఎవరూ నవ్వలేదు. మేమందరం మాట ఇచ్చాం.

స్టేజి మీద అబ్బా ఆరు కుర్చీలు వేశారు. పెద్దమనుషులు ఇద్దరు, నాగరాజు గారు, బాలకృష్ణ గారు, ఇంజనీరు గారు, భీమక్క. ఎవరికి వారు మధ్యలోనే ఉన్నారు. ఇంజనీరు గారికి బోనకల్ ట్రాన్స్‌ఫర్ రాలేదు.

ముత్తక్క కింద జనంలో పిల్లను భుజాన వేసుకుని నిలబడింది. ఉపన్యాసం పొడవుగా సాగింది. ఆమె ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటోంది. పిల్ల నిద్రపోతోంది.

నేను పక్కన పేర్చి ఉన్న వాటిలోంచి ఒక కుర్చీ తీసుకున్నాను. మెట్లెక్కాను. అందరూ చూస్తున్నారని తెలుసు. నాగరాజు గారితో, "కొంచెం అటు జరగండి అంకుల్" అన్నాను. బాలకృష్ణ గారితో, "కొంచెం ఇటు" అన్నాను. ఇద్దరూ జరిగారు. కుర్చీ మధ్యలో వేశాను. కిందకు చూసి, "ముత్తక్కా, రా" అన్నాను.

మైకు పక్కనే ఉంది. నా గొంతు వాగు దాకా వెళ్ళింది.

అబ్బా స్టేజి వెనక తల పట్టుకున్నారు. ఇన్నేళ్ళ వ్యాపారంలో బేసి కుర్చీ ఇదే మొదటిది. ముత్తక్క వచ్చి కూర్చుంది. ఎవరూ కొట్లాడలేదు. నాగరాజు గారు ఒక వైపు నుంచి, బాలకృష్ణ గారు రెండో వైపు నుంచి వంగి పిల్లను చూశారు. తమ పార్టీలోకి లాగుతున్నట్టే చూశారు.

రాయి మీద తేదీకి వేసిన తెల్లరంగు ఇంకా ఆరలేదు.

రాజకీయాలంటే నాకు ఆసక్తి లేదు. రేపు మీటింగ్ ఉంది, వీధి దీపాల గురించి. దీపాలు గూడెం దాకా వేయడం అనవసరమని ఇద్దరూ అప్పుడే ఒక మాట మీదకు వచ్చారని విన్నాను. ఖమ్మం బస్సు ఎల్లుండికి మార్చుకున్నాను. ముందు వరుసలో కూర్చోవాలి. వెనక నుంచి అబ్బా పేరు తప్ప ఏమీ కనిపించదు.